నిద్రలో క్యాన్సర్ పాకుతుందని అమ్మ నిద్ర మానేసింది: ఆ పరిశోధనలో నిజంగా ఏముంది?

పావని_తెనాలి | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం ఎడమ రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అని ఉంది. అంటే ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే రకమట. చంకలోంచి తీసిన గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ కణాలు కనబడ్డాయి. అప్పటి నుంచి ఈస్ట్రోజెన్‌ను తగ్గించడానికి రోజూ లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు.

పది రోజుల క్రితం చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. రొమ్ము క్యాన్సర్ మనిషి నిద్రపోతున్నప్పుడే ఒళ్ళంతా పాకుతుందట, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారట. ఆ రోజు నుంచి అమ్మ రాత్రిపూట పడుకోవడం లేదు. మొన్న రెండున్నరకు మెలకువ వచ్చి చూస్తే, వంటింట్లో లైటు వేసుకుని పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సాయంత్రం మేమిద్దరం కలిసి ఈనెలు తీసి పెట్టిన కాయలే అవి. మళ్ళీ ఒక్కొక్కటే తీసుకుని లైటుకు ఎత్తి చూస్తోంది.

"అబద్ధం అమ్మా, పడుకో" అంటే నమ్మడం లేదు. అసలు ఆ పరిశోధన ఉందా? ఉంటే అందులో ఏముంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. అమ్మకు చదివి వినిపిస్తాను.

---

నల్గొండ_మాస్టారు | సోమవారం, రాత్రి 10:50

అమ్మా పావనీ, ఆ సందేశం నాకూ వచ్చింది. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, నాకే గుండె ఝల్లుమంది. మీ అమ్మగారిని తప్పుపట్టలేను.

నాదీ ఒక సందేహం, తెలిసినవాళ్ళు తీర్చాలి. ఈస్ట్రోజెన్ అండాశయాల్లో తయారవుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి. 61 ఏళ్ళ మనిషికి నెలసరి ఆగి పదేళ్ళయి ఉంటుంది కదా. ఇంకా హార్మోను ఎక్కడిది, దానికి మాత్ర ఎందుకు?

---

ల్యాబ్_కిటికీ | మంగళవారం, ఉదయం 6:25

పావని గారూ, నేను రొమ్ము క్యాన్సర్ కణాల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంటాను. వైద్యుణ్ణి కాదు. చికిత్స సంగతి వైద్యులే చెప్పాలి, పరిశోధన సంగతి నేను చెబుతాను.

ఆ పరిశోధన ఉంది. అందుకే "అబద్ధం" అన్న మాట అమ్మగారి దగ్గర పనిచేయలేదు. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో నికోలా అచెటో బృందం చేసి, 2022 జూన్‌లో నేచర్ పత్రికలో ప్రచురించింది. గడ్డ నుంచి విడిపోయి రక్తంలో తిరిగే కణాలను వాళ్ళు చాలా కాలంగా లెక్కపెడుతున్నారు. ఎలుకల రక్తాన్ని ఏ వేళలో తీశారన్న దాన్ని బట్టి ఆ లెక్క మారిపోతోందని గమనించారు. ఎలుకలు పగలు నిద్రపోతాయి, వాటిలో పగలే లెక్క పెరిగింది. మనుషుల్లో ఎలా ఉంటుందో చూద్దామని 30 మంది రోగుల నుంచి తెల్లవారుజామున 4 గంటలకు ఒకసారి, ఉదయం 10 గంటలకు ఒకసారి రక్తం తీశారు. దొరికిన కణాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా 4 గంటల రక్తంలోనే ఉన్నాయి. విశ్రాంతి వేళ వచ్చిన కణాల్లో విభజనకు సంబంధించిన జన్యువులు చురుగ్గా ఉన్నాయి. వాటిని ఎలుకలకు ఎక్కిస్తే కొత్త చోట పాతుకుపోయే శక్తి కూడా వాటికే ఎక్కువగా కనబడింది. నిద్రవేళను సూచించే మెలటోనిన్, టెస్టోస్టెరాన్, కార్టిసాల్ తరగతి హార్మోన్ల హెచ్చుతగ్గులు ఈ విడుదలను శాసిస్తున్నాయని వాళ్ళు చూపించారు.

వాట్సాప్ సందేశం ఇక్కడి వరకూ తెచ్చి వదిలేసింది. అమ్మగారికి ముఖ్యమైన సంగతి దీని తరువాతే ఉంది. ఆ 30 మందీ ఒంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్ళు. కొందరికి ఇంకా ఆపరేషన్ కాలేదు, కొందరికి అప్పటికే ఇతర అవయవాలకు పాకింది. విడుదల చేయడానికి గడ్డ అంటూ ఉంది. మీ అమ్మగారి గడ్డను మూడేళ్ళ క్రితమే తీసేశారు. పైగా, మేలుకుంటే క్యాన్సర్ పాకకుండా ఆగుతుందని ఆ పరిశోధన ఎక్కడా తేల్చలేదు. వాళ్ళు కోరింది ఒక్కటే. రక్తం ఏ వేళకు తీశారో, మందు ఏ వేళకు ఇచ్చారో వైద్యులు రాసిపెట్టుకోవాలని, ఆ వేళలను చికిత్సకు అనుకూలంగా వాడుకునే మార్గం వెతకాలని.

మేలుకోవడం వల్ల మంచి జరిగే మాటే ఉంటే రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళలో అది కనబడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో పెట్టింది. 2019లో మళ్ళీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. అమ్మగారికి ఈ ఒక్క పేరా రెండుసార్లు చదివి వినిపించండి.

మాస్టారు గారూ, మీ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

---

రేవతి_ఒంగోలు | మంగళవారం, ఉదయం 11:40

పావనీ, నాది కూడా ఈఆర్ పాజిటివే. ఇది ఏడో సంవత్సరం. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. అమ్మ మాత్ర సరిగ్గా వేసుకుంటోందా? నువ్వు కళ్ళతో చూశావా?

ఎందుకు అడుగుతున్నానంటే, లెట్రోజోల్ మొదలుపెట్టిన నాలుగో నెలలో నాకు పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయేవి. పాల ప్యాకెట్ అంచు చింపలేకపోయేదాన్ని. మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టే దిగేదాన్ని. ఇంట్లోవాళ్ళకు చెబితే మళ్ళీ ఆసుపత్రి చుట్టూ తిప్పుతారని చెప్పలేదు. రోజు విడిచి రోజు వేసుకున్నాను, ఆ తరువాత నెల రోజులు పూర్తిగా మానేశాను. డాక్టరు అడిగితే వేసుకుంటున్నానని చెప్పాను. ఎవరి కోసం అబద్ధం చెప్పానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మానేసినవాళ్ళకే నిద్రలో భయం ఎక్కువ. నాకు అలాగే ఉండేది.

---

ప్రకృతి_బాట | మంగళవారం, మధ్యాహ్నం 1:05

మెలటోనిన్ మాత్రలు మందుల దుకాణంలో దొరుకుతాయి కదా. రాత్రికి ఒకటి వేసుకుంటే నిద్రా పడుతుంది, హార్మోనూ సర్దుకుంటుంది. ప్రయత్నించవచ్చేమో.

---

ల్యాబ్_కిటికీ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

దయచేసి వద్దు. కణాల విడుదలను శాసించే హార్మోన్లలో మెలటోనిన్ కూడా ఉందని ఆ పరిశోధనే చెబుతోంది. అలాంటప్పుడు క్యాన్సర్ వైద్యుణ్ణి అడగకుండా బయటి నుంచి దాన్ని తెచ్చి వేసుకోకూడదు. నిద్ర పట్టకపోతే ఆ మాట డాక్టరుకే చెప్పాలి.

---

పావని_తెనాలి | మంగళవారం, రాత్రి 9:20

రేవతి గారూ, మీ పోస్టు చదవగానే వెళ్ళి మాత్రల డబ్బా తెరిచి చూశాను. జూన్‌లో కొన్న అట్టల్లో రెండు అసలు విప్పనే లేదు. నెలకు ముప్పై వేసుకోవలసినవి పన్నెండో పదమూడో వేసుకుంటోంది. అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత చెయ్యి చాపి చూపించింది. ఉంగరం వేలు మడవలేకపోతోంది. "మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదు కదా, కనీసం మేలుకుని అయినా కాపలా కాసుకుందామని" అంది.

నేను రోజూ అదే ఇంట్లో తిరుగుతున్నాను. నాకు కనబడలేదు.

---

ల్యాబ్_కిటికీ | మంగళవారం, రాత్రి 11:15

పావని గారూ, ముందు మాస్టారి ప్రశ్నకు జవాబు రాస్తాను. మాత్ర ఎందుకన్నది కూడా అందులోనే తేలుతుంది.

1896లో గ్లాస్గోలో జార్జి బీట్సన్ అనే శస్త్రవైద్యుడు, రొమ్ము క్యాన్సర్ ముదిరిపోయిన 33 ఏళ్ళ స్త్రీకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగిపోయాయని లాన్సెట్ పత్రికలో రాశాడు. పాడి ఆవులకు అండాశయాలు తీసేస్తే పాలు ఎండిపోకుండా చాలా కాలం ఇస్తాయని రైతులు చెప్పుకునే మాట ఆయనను ఆ దారి పట్టించింది. హార్మోను అనే మాటే అప్పటికి పుట్టలేదు.

ఆ తరువాత ఈస్ట్రోజెన్ ఎలా పనిచేస్తుందన్న దాన్ని శాస్త్రవేత్తలు చాలా కాలం తప్పు దారిలో వెతికారు. అది కణంలోకి వెళ్ళాక రసాయనికంగా మారుతుందని, ఆ మార్పులోనే దాని శక్తి ఉందని నమ్మారు. 1950ల చివర షికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజెన్ అణువుకు రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి ఎలుక పిల్లలకు ఎక్కించాడు. గర్భాశయంలో అది ఏ మార్పూ లేకుండా, వెళ్ళింది వెళ్ళినట్టే గంటల తరబడి నిలిచి ఉంది. అంటే దాన్ని పట్టుకుని ఉంచే ప్రోటీన్ ఏదో అక్కడ ఉందన్నమాట. అదే ఈఆర్, ఈస్ట్రోజెన్ గ్రాహకం. అమ్మగారి రిపోర్టులో ఉన్న ఆ రెండక్షరాల వెనుక ఉన్న కథ ఇది.

ఇక మాస్టారు గారి అసలు ప్రశ్న. నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీని దాదాపుగా ఆపేస్తాయి. కానీ మూత్రపిండాల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు ఆండ్రోస్టెన్‌డయోన్ అనే పురుష హార్మోను తరగతి పదార్థాన్ని చేస్తూనే ఉంటాయి. కొవ్వు కణాల్లో, కండరాల్లో, చర్మంలో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది ఆ పదార్థాన్ని పట్టుకుని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. రొమ్ములోని కొవ్వులోనూ ఈ పని జరుగుతుంది. రక్తంలో కొంచెమే ఉన్నా గడ్డ పక్కన కావలసినంత ఉండేది అందుకే. లెట్రోజోల్ ఆ ఎంజైమును మూసేస్తుంది. ఈ రకం మందులకు దారి వేసిన మనిషి అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన యాంజెలా బ్రోడీ. ఆమె గురించి ఇక్కడ ఎవరూ చెప్పుకోరు, చెప్పుకోవాలి.

ఇదే రకం క్యాన్సర్‌కు వాడే ఇంకో మందు టామోక్సిఫెన్ పనిచేసే తీరు వేరు. అది హార్మోను తయారీని ఆపదు, గ్రాహకంలో ముందే కూర్చుని హార్మోనుకు చోటు లేకుండా చేస్తుంది. గర్భనిరోధక మందు కోసం వెతుకుతూ 1962లో ఇంగ్లండ్‌లో డోరా రిచర్డ్‌సన్ తయారుచేసిన పదార్థం అది. గర్భనిరోధానికి పనికిరాలేదు. 1971లో మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రి వైద్యులు రొమ్ము క్యాన్సర్ రోగుల్లో దాని ఫలితాలు ప్రచురించారు.

---

నల్గొండ_మాస్టారు | బుధవారం, ఉదయం 7:10

ఇంత చక్కగా ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇంకొక్కటి. మా ఊళ్ళో "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని అందరూ అంటారు. సూది గుచ్చి పరీక్ష చేసినా పాకుతుందంటారు. మా పెద్దక్క అదే భయంతో రెండేళ్ళు గడ్డను దాచుకుంది. చివరికి దక్కలేదు. ఇన్నేళ్ళయినా ఆ మాటకు జవాబు నాకు తెలియదు.

---

డాక్టర్_విశాఖ | బుధవారం, రాత్రి 8:45

మాస్టారు గారూ, మీ అక్కగారి సంగతి చదివి చాలా బాధ కలిగింది. అలాంటివాళ్ళను నేను ప్రతి నెలా చూస్తాను.

సూది పరీక్ష వల్ల రోగుల ఆయుష్షు తగ్గదు. గడ్డను తీయకుండా వదిలేస్తేనే ముప్పు. అయితే ఆపరేషన్ సమయంలో కొన్ని కణాలు చెదిరే అవకాశం ఉంటుందన్న అనుమానాన్ని మన దేశంలోనే పట్టుదలగా పరీక్షించారు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో రాజేంద్ర బద్వే బృందం మొదట హార్మోను వైపు నుంచి చూసింది. నెలసరి చక్రంలో ఏ రోజుల్లో ఆపరేషన్ చేశారన్నది ఫలితాన్ని మారుస్తుందా అన్న ప్రశ్న అప్పటికే ఉంది. వాళ్ళు వెయ్యి మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ ఒక్కటి ఇచ్చారు. 2011లో వచ్చిన ఫలితంలో అందరినీ కలిపి చూస్తే స్పష్టమైన లాభం తేలలేదు. చంక గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నవాళ్ళలో మాత్రం మేలు ఉన్నట్టు కనబడింది. అలాంటి ఉపజట్టు ఫలితాన్ని మళ్ళీ పరీక్షించి చూడకుండా వాడకంలోకి తేకూడదు.

ఆ తరువాత మరింత తేలికైన దాన్ని పట్టుకున్నారు. పన్ను పీకేటప్పుడు మత్తుకు ఇచ్చే లిగ్నోకైన్ ఉంది కదా, దాన్ని కోతకు ఏడు నుంచి పది నిమిషాల ముందు గడ్డ చుట్టూ ఎక్కించారు. సుమారు 1,600 మంది స్త్రీలు, దేశంలో పలు ఆసుపత్రులు. ఫలితం 2023లో వచ్చింది. అయిదేళ్ళ తరువాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు ఆ మందు ఇచ్చిన జట్టులో 86.6 శాతం, ఇవ్వని జట్టులో 82.6 శాతం. బతికి ఉన్నవాళ్ళు 90.1 శాతం, 86.4 శాతం. కొద్ది రూపాయల మందు అది. ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. కత్తి గురించి జనం పడే భయానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. కత్తి మానకూడదు, కత్తికి ముందు ఏం చేయాలో వెతకాలి.

పావని గారూ, మీ అమ్మగారి మాత్ర సంగతికి వస్తాను. ఆమె తప్పు చేసినట్టు ఎవరూ మాట్లాడకండి. ఈ మాత్రలు ఆపేసేవాళ్ళు చాలామంది, ఎక్కువమంది కీళ్ళ నొప్పుల వల్లే ఆపేస్తారు. కానీ మాత్ర ఎంత కాలం అవసరమో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. అయిదేళ్ళు హార్మోను చికిత్స తీసుకుని, ఆ సమయానికి జబ్బు లేకుండా ఉన్న 62,923 మంది స్త్రీల వివరాలను కలిపి 2017లో ప్రచురించారు. ఆ తరువాతి పదిహేనేళ్ళలో కూడా దూరపు అవయవాల్లో జబ్బు బయటపడుతూనే ఉంది. గడ్డ చిన్నదై, గ్రంథులు శుభ్రంగా ఉన్నవాళ్ళలో 13 శాతానికి, గడ్డ పెద్దదై నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకినవాళ్ళలో 41 శాతానికి అలా జరిగింది.

ఇన్నేళ్ళు ఆ కణాలు ఎక్కడ ఉంటాయంటే, ఎముక మజ్జ లాంటి చోట్ల నిద్రాణంగా ఉంటాయి. 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు తిరగేసి, కణాలు విత్తనాలైతే అవయవాలు నేలలని రాశాడు. ఏ విత్తనమైనా అన్ని నేలల్లోనూ మొలవదు. ఈఆర్ పాజిటివ్ విత్తనానికి ఎముక అనువైన నేల. అక్కడ చేరిన కణాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఎముక కరిగితే అందులో దాగిన పెరుగుదల కారకాలు బయటికి వచ్చి క్యాన్సర్ కణాలకే మేత అవుతాయి. ఆ మేత మళ్ళీ ఎముకను కరిగిస్తుంది. జొలెడ్రోనిక్ ఆమ్లం తరగతి మందులు ఈ చక్రాన్ని అడ్డుకుంటాయి. నెలసరి ఆగినవాళ్ళలో ఎముకల్లో తిరగబెట్టడం వీటి వల్ల నాలుగో వంతుకు పైగా తగ్గిందని 2015లో తేలింది. లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుంది కాబట్టి ఆ విషయంలోనూ ఇవి పనికొస్తాయి. అమ్మగారికి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఎప్పుడు తీశారో ఫైలులో చూడండి.

నొప్పి తగ్గించే మార్గాలు ఉన్నాయి. కొన్ని వారాలు ఆపి, ఇదే తరగతిలో అనాస్ట్రోజోల్ లేదా ఎగ్జిమెస్టేన్‌కు మారిస్తే కొందరికి తగ్గుతుంది. వారానికి 150 నిమిషాల నడక, రెండుసార్లు బరువులతో వ్యాయామం చేయించిన ఒక అమెరికా పరీక్షలో, కీళ్ళ నొప్పి అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నప్పటి స్కోరు ఏడాదిలో 29 శాతం తగ్గింది. ఏవీ కుదరకపోతే టామోక్సిఫెన్ ఉంది. ఏది చేసినా ఆమె వైద్యుడి ద్వారానే చేయాలి, ఆయనకు నిజం చెప్పాలి. అమ్మగారు చెప్పలేకపోతే విప్పని ఆ రెండు అట్టలు సంచిలో పెట్టుకుని వెళ్ళండి. బల్ల మీద పెడితే చాలు.

---

సిరి_బెంగళూరు | గురువారం, ఉదయం 10:02

సోయాలో ఈస్ట్రోజెన్ లాంటి పదార్థం ఉంటుందని మా ఇంట్లో మీల్‌మేకర్ కూడా మానిపించారు. నిజంగా మానాలా?

---

ల్యాబ్_కిటికీ | గురువారం, ఉదయం 10:30

ఆహారంగా తినడానికి భయపడనక్కరలేదు. షాంఘైలో 5,042 మంది రోగులను గమనించిన పరిశోధన 2009లో వచ్చింది. సోయా ఎక్కువ తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉంది. సోయా సారం మాత్రల సంగతి వేరు, వాటి జోలికి వెళ్ళకండి.

"ఈస్ట్రోజెన్ లాంటి పదార్థం" అన్న మాట వస్తే మా ల్యాబ్‌లో అందరికీ ఒక పాఠం గుర్తొస్తుంది. ఈఆర్ పాజిటివ్ పరిశోధనల్లో చాలా భాగం ఎంసీఎఫ్-7 అనే కణాల మీద జరిగింది. 1970లో డెట్రాయిట్ ప్రాంతపు ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసిన కణాలు అవి. ఆమె వెళ్ళిపోయి యాభై ఏళ్ళు దాటింది, ఆ కణాలు ఇవాళ కూడా మా ఇంక్యుబేటర్‌లో పెరుగుతున్నాయి. వాటిని గులాబీ రంగు ద్రవంలో పెంచుతారు. ఆమ్లత్వం మారితే పసుపు రంగుకు తిరిగేలా ఫినాల్ రెడ్ అనే రంగు కలుపుతారు. ఈస్ట్రోజెన్ ఏమీ వేయకపోయినా ఈ కణాలు ఎందుకు పెరుగుతున్నాయో ఏళ్ళ తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. 1986లో తేలింది: ఆ రంగే బలహీనమైన ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తోంది! అప్పటి నుంచి హార్మోను ప్రయోగాలకు రంగు లేని ద్రవం వాడతాం. కణాలకు మేతగా వేసే సీరంలోని (రక్తం నుంచి తీసిన ద్రవం) హార్మోన్లను బొగ్గు పొడితో పీల్చేశాకే కణాలకు వేస్తాం. సీసా పట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

2013లో మరో సంగతి తెలిసింది. ఒంట్లో కొలెస్టరాల్ విరిగినప్పుడు వచ్చే 27-హైడ్రాక్సీకొలెస్టరాల్ అనే పదార్థం కూడా ఈ గ్రాహకాన్ని తట్టి లేపగలదు. ఎలుకల్లో అది గడ్డ పెరగడానికి, ఊపిరితిత్తులకు పాకడానికి తోడ్పడింది. ఒక తలుపు మూస్తే కణం ఇంకో తలుపు వెతుక్కుంటుంది. లెట్రోజోల్ వాడినవాళ్ళలో జబ్బు తిరగబెట్టినప్పుడు కొందరి కణాల్లో గ్రాహకం జన్యువే మారిపోయి ఉంటుంది. హార్మోను లేకపోయినా గ్రాహకం పనిచేస్తూనే ఉంటుంది. ఆ మార్పు ఉన్నవాళ్ళ కోసం ఎలాసెస్ట్రాంట్ అనే మాత్రకు 2023 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మార్పును రక్త పరీక్షతోనే కనిపెట్టవచ్చు.

---

రేవతి_ఒంగోలు | గురువారం, రాత్రి 9:00

నేను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చేసిన పని చెబుతాను. మాత్రల అట్టను పళ్ళు తోముకునే బ్రష్షు పక్కన పెట్టాను. లేవగానే గోరువెచ్చని నీళ్ళలో అయిదు నిమిషాలు చేతులు ముంచి, మెత్తని స్పాంజిని ఇరవైసార్లు పిండేదాన్ని. ఆ తరువాతే మిగతా పని. మందు మార్చాక మూడో నెలలో పాల ప్యాకెట్ నా చేత్తో చింపాను. పావనీ, అమ్మకు నా ఫోన్ నంబరు ప్రైవేటు సందేశంలో పంపుతున్నాను. ఏ వేళకైనా మాట్లాడవచ్చని చెప్పు.

---

పావని_తెనాలి | మరుసటి వారం బుధవారం, రాత్రి 10:35

మొన్న సోమవారం వెళ్ళివచ్చాం. అట్టలు బల్ల మీద నేను పెట్టలేదు, అమ్మే పెట్టింది. డాక్టరు గారు వాటిని చూసి కోప్పడలేదు. అమ్మ చెయ్యి తీసుకుని ఒక్కొక్క వేలూ మడిచి చూశారు. మూడు వారాలు ఏ మాత్రా వద్దన్నారు, ఆ తరువాత ఎగ్జిమెస్టేన్ రాశారు. డెక్సాలో ఎముకలు కొంచెం పలచబడ్డాయి. ఆరు నెలలకోసారి జొలెడ్రోనిక్ ఆమ్లం ఇస్తారట. దానికి ముందు పళ్ళ డాక్టరుకు చూపించి రమ్మన్నారు.

ల్యాబ్_కిటికీ గారూ, మీరు రాసిందంతా అమ్మకు చదివి వినిపించాను. రాత్రి షిఫ్టుల పేరా రెండోసారి కూడా చదివించుకుంది. ఆ రాత్రి పదకొండింటికి పడుకుని అయిదున్నరకు లేచింది. నిన్నా అంతే. ఇవాళ చిక్కుడుకాయ కూర చేసింది.

అన్నం తింటూ మిమ్మల్ని ఒక మాట అడగమంది. ఆ జ్యూరిచ్ వాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి రక్తం తీసిన ముప్పై మందికి ఆ తరువాత మళ్ళీ నిద్ర పట్టి ఉంటుందా అని.